ఇంటితోటకు ఆకే అందము

వీధిలోనికి మొక్కల బండి వచ్చినపుడు మనలో పెక్కుమంది అడుగు మొదటి ప్రశ్న, "ఇది ఏ పూవు పూయును?" అని. రెండవ ప్రశ్న, "ఎన్నాళ్లకు పూయును?" అని. దీని ఆకు ఎంత వెడల్పు, ఎంత మెరుపు, వేసవిలో నిలుచునా అని అడుగువారు అరుదు. అమ్మువాడును లోకజ్ఞుడు. మొగ్గ తొడిగిన మొక్కలనే బండి ముందువరుసలో నిలుపును. మనము మార్గశిరమున బంతిని, చేమంతిని, మరి నాలుగు సీమపూల మొక్కలను కొని కుండీలలో పెట్టుదుము. పుష్యమాఘములలో వాకిలి కలకలలాడును. ఫాల్గుణము దాటునప్పటికి పూలు తగ్గును. వైశాఖము నాటికి ఎండిన పుల్లలును, బీటలువారిన మట్టియు మిగులును. "మా నేలలో ఏ మొక్కయు బ్రదుకదు" అని ఇంటివారు నిట్టూర్చి, మరుసటి యేడు ఆ స్థలమున సిమెంటు పోయింతురు.

తప్పు నేలయందు లేదు. మనము అడిగిన ప్రశ్నయందే ఉన్నది. ఈ ప్రసంగమున మేము చెప్పదలచినది ఒక్క మాట. మన ఎండలకును, మన నీటి కరవునకును తగిన ఇంటితోటను ముందుగా ఆకులతో కట్టవలెను. ఆ తరువాతనే పూలను తురుమవలెను. జడ ఉన్నప్పుడే గదా పూలదండకు నిలుకడ!

వేసవిలోనే మల్లె పూయును గదా అని ఎవరైన అడుగవచ్చును. నిజమే. మల్లెల వాసన లేని వేసవి తెలుగువారి వేసవి కాదు. అయినను మల్లెపందిరి వలన మనకు కలుగు పూల సుఖము సాయంకాలపు సుఖము. మిట్టమధ్యాహ్నమున గోడను కాల్చు ఎండను ఆపునది, కంటికి చలువ నిచ్చునది ఆ పందిరిమీది ఆకే. పూవు కొన్ని దినములు నిలుచును. ఆకు నెలల తరబడి నిలుచును. ఏడాది పొడవునను మన కన్నులు చూచునది, మన మేనికి నీడ నిచ్చునది ఆకే అయినపుడు, దానిని గూర్చి ముందుగా ఆలోచించుట న్యాయము.

ఆకులతో తోట అనగానే కొందరికి ఒక సందేహము కలుగును. "అంతయు పచ్చగా ఉన్నచో విసుగు పుట్టదా?" అని. ఈ సందేహము పచ్చదనమంతయు ఒక్కటే అను భ్రమనుండి పుట్టినది. మన భాషలో పచ్చ అను మాట ఎంత విశాలమైనదో చూడుడు. పసుపును పచ్చయే, ఆకును పచ్చయే. పండనిది పచ్చి, ఎండనిది పచ్చి. "పచ్చగా బ్రదుకుము" అని పెద్దలు దీవింతురు. పచ్చలలో భేదము తెలియుటకై ఆకుపచ్చ, చిలుకపచ్చ, గడ్డిపచ్చ, పాచిరంగు అని పేరు పెట్టితిమి. చీరల దుకాణములో కూర్చున్నపుడు లేతాకుపచ్చకును ముదురాకుపచ్చకును గల భేదమును దూరమునుండియే గుర్తింతుము. నచ్చనిదానిని ప్రక్కకు నెట్టుదుము. ఆ చూపే తోటలో ఏల పనిచేయదు? పనిచేయును. మనము దానిని అక్కడకు తీసికొనిపోలేదు, అంతియే.

ప్రకృతియు మన కంటిని ఇందుకు అనుకూలముగనే నిర్మించినది. పగటివెలుతురులో మానవనేత్రము అన్నిటికంటె చురుకుగా గ్రహించునది సుమారు 555 నానోమీటర్ల తరంగదైర్ఘ్యము గల కాంతిని. అది ఆకుపచ్చ కాంతియే. ఆకులోని పత్రహరితము ఎరుపును, నీలమును ఎక్కువగా పీల్చుకొని, పచ్చని కాంతిలో కొంత భాగమును వెనుకకు పంపును. కావున ఆకు వెలుగునీడలలోని సూక్ష్మభేదములను చూచుటకు మన కంటికి కొరత లేదు. కావలసినది అలవాటు మాత్రమే.

ఆ అలవాటు మన ఇండ్లలో లేకపోలేదు. ఏడాదికొకసారి వినాయకచవితినాడు ఆకులను ఆకులుగా చూచు సంప్రదాయము మనకు ఉన్నది. ఆ పూజకు ఇరువదియొక్క పత్రములు కావలెను. పూజావిధిని వివరించుట ఇచ్చట మా ఉద్దేశము కాదు. ఆ పత్రులను ఒక పళ్లెములో పరచి, తోట వేయువాని కంటితో చూడుడు. గరిక సన్నని గీత వంటిది. మారేడు మూడు రేకుల కూర్పు. రేగాకు పైన నునుపు, అడుగున తెల్లని నూగు. మాచిపత్రి చీలికలు చీలికలుగా నుండి, వెనుకకు త్రిప్పినచో వెలిసిన వెండివలె కనబడును. వావిలియు అట్లే రెండు రంగులది. గాలి వీచినపుడు చెట్టంతయు ఒక్కసారిగా తెల్లబారినట్లుండును. దానిమ్మ చిన్నది, మెరయునది. గన్నేరు పొడవైన కత్తి. ఉమ్మెత్త వెడల్పైనది, వంకరటింకర అంచు గలది. రావి తోకవలె సాగిన మొనతో ఎల్లప్పుడు కదలుచుండును. జమ్మి చిట్టి ఆకుల వరుస. జిల్లేడు దళసరి, బూడిద పూసినట్లుండును. మరువము వ్రేళ్ల నడుమ నలిపినచో తన ఉనికిని ముక్కునకు తెలుపును. ఆ పళ్లెములో మామూలుగా పూవు అనదగినది ఒక్కటియు లేదు. విసుగు అనునదియు లేదు. ఇరువదియొక్క పత్రములలో ఏ రెండును ఒకదానివలె ఒకటి ఉండవు. ఒకప్పుడు పిల్లలు తెల్లవారకముందే చేలగట్లవెంట, చెరువుగట్లవెంట తిరిగి ఈ ఆకులను ఏరి తెచ్చుచుండిరి. కన్నులు మూసికొని తడిమి పేరు చెప్పగల పిల్లలుండిరి. తోట వేయు విద్యకు అంతకుమించిన ఓనమాలు లేవు.

ఈ భేదములకు ఒక పేరు కావలెను. ఆంగ్లమున దీనిని టెక్స్‌చర్ అందురు. ఆ పదము లాటిన్ భాషలో నేయుట అను అర్థముగల ధాతువునుండి పుట్టినది. కావున మనము దీనిని ఆకుల నేత అందుము. మగ్గములు గల దేశమువారికి ఈ మాట వెంటనే తెలియును. బట్ట పట్టిచూడగనే ఇది ముతక, ఇది సన్నము అని చెప్పుదుము గదా. మొక్కలును అంతే. అరటి, చేమ, మెట్టతామర, బాదము మొదలైనవి ముతకనేత. మందార, నందివర్ధనము, పొగడ, జామ మొదలైనవి నడిమి నేత. ఉసిరి, గోరింట, మునగ, చింత, సరుగుడు మొదలైనవి సన్ననేత. చేలకంచెలపై ప్రాకు పిల్లిపీచర అన్నిటికంటె సన్నము. ఆకులని మనము భ్రమపడు దాని సూదులు నిజమునకు రూపము మారిన కొమ్మలే.

నేత విషయమున గుర్తుంచుకొనదగిన సూత్రములు మూడు కలవు.

మొదటిది దూరమునకు సంబంధించినది. ముతక ఆకు కంటికి దగ్గరగా వచ్చినట్లు తోచును. సన్న ఆకు వెనుకకు జరిగినట్లు తోచును. దూరపు కొండమీది అడవి ఆకు ఆకుగా కనబడక పొగవలె కనబడుట మనము ఎరుగుదుము. ఆ అనుభవమునే కన్ను చిన్న పెరటిలోను వాడుకొనును. కావున పెరడు చిన్నదైనపుడు అరటి, చేమ వంటి పెద్ద ఆకులను ఇంటికి దగ్గరగాను, గోరింట, ఉసిరి వంటి సన్న ఆకులను దూరపు గోడవద్దను నాటవలెను. పెరడు ఉన్నదానికంటె పొడవుగా కనబడును. తలక్రిందులుగా నాటినచో దూరపు గోడ ముక్కునకు తగులునట్లుండును.

రెండవది పొత్తునకు సంబంధించినది. ఒకే నేత గల మొక్కలన్నియు ప్రక్కప్రక్కన ఉన్నచో ఏదియు కనబడదు. అరటిప్రక్కన వట్టివేరు దుబ్బు ఉన్నచో అరటి మరింత వెడల్పుగను, వట్టివేరు మరింత సన్నముగను కనబడును. ఒకదాని గుణమును మరియొకటి చాటును. ఆ మాటకు పొంగిపోయి ప్రతి అడుగునకును ఒక వింత మొక్కను నాటుటయు తగదు. అది తోట కాదు, మొక్కల సంత.

అందులకే మూడవ సూత్రము. దీనిని చీరనుండియే నేర్చుకొనవచ్చును. చీరకు ఒడలు ఒకటి, అంచు ఒకటి, కొంగు ఒకటి. ఒడలంతయు ఒకే తీరున సాగును. అంచు సన్నగా వెంట నడచును. కొంగు ఒక్కచోట మాత్రము ధైర్యముగా పలుకును. తోటయందును నడిమి నేత గల మొక్క నొకదానిని ఎన్నుకొని, దానినే అయిదో, ఆరో వరుసగా నాటి ఒడలు నేయవలెను. గోరింట వంటి సన్ననేతతో అంచు కట్టవలెను. అరటి వంటి ముతకనేతను ఒక్కచోట కొంగువలె నిలుపవలెను. కొంగులు నాలుగు గల చీర ఎట్లుండునో, ప్రతి మూలను అరటియు క్రోటనులును గల పెరడును అట్లే ఉండును.

నేత తరువాత చూడవలసినది ఆకు ఒంటి తీరు. కానుగ, పొగడ, నందివర్ధనము మొదలైనవి నునుపైన ఆకులు. అవి ఆకాశపు వెలుగును అద్దమువలె తిరుగగొట్టును. వెలుతురు తక్కువగా నుండు ప్రక్కన వీటిని నాటినచో ఆ చోటు దిగులుగా ఉండదు. జిల్లేడువంటి బూడిదరంగు ఆకులకు పైన మైనమో, నూగో ఉండును. అది ఎండను కొంత త్రిప్పికొట్టి ఆకు వేడెక్కకుండ కాపాడును. వెండిరంగు ఆకు గల మొక్క సామాన్యముగా ఎండకు ఓర్చు మొక్క అని గుర్తించిన చాలును. ఎక్కడ నాటవలెనో అదియే చెప్పును. నీడలో పెరుగు మొక్కల ఆకులు పలుచగా, వెడల్పుగా ఉండును. ఎండలోనివి చిన్నవిగా, దళసరిగా ఉండును. ఒకే చెట్టులో సయితము లోపలి కొమ్మకును పైకొమ్మకును ఈ భేదము కనబడును.

తామరాకుపై నీటిబొట్టు అను సామెత మనకు ప్రాచీనము. చేమాకును అట్టిదే. ఆ ఆకుపై కంటికి కానరాని చిన్నచిన్న బొడిపెలును, వానిపై మైనపు పూతయు ఉండుటచే నీరు అంటక ముత్యమువలె దొరలును; దొరలుచు దుమ్మును తనతో తీసికొనిపోవును. ఈ రహస్యమును 1997లో జర్మనీ శాస్త్రజ్ఞులు బార్త్‌లాట్, నైన్‌హూయిస్ అనువారు సవిస్తరముగా వివరించిరి. వర్షము కురియు వేళ చేమపాదు ప్రక్కన నిలిచి చూచిన పిల్లవానికి ఈ పాఠము మరువరానిది. అరటి, చేమ మొదలైన పలుచని వెడల్పు ఆకులకు మరియొక గుణము కలదు. సూర్యుడు వాని వెనుక నున్నపుడు అవి దీపమువలె వెలుగును. కావున మనము కూర్చుండు చోటికిని సాయంకాలపు సూర్యునికిని నడుమ అవి ఉండునట్లు నాటవలెను. గాలి బలముగా వీచు చోట మాత్రము అరటి నాటరాదు. ఆకు చీలికలై దాని అందము చెడును.

ఆకులకు రంగులు లేవనుకొనుటయు పొరపాటే. ఉగాదికి ముందువెనుకలుగా మామిడి చిగురు, వేపచిగురు, రావిచిగురు చూచినవారికి ఈ సంగతి తెలియును. రాగిరంగు, లేత ఎరుపు, ఆపై చిలుకపచ్చ, తుదకు ముదురాకుపచ్చ. కొన్ని వారములలో ఒకే చెట్టు ఇన్ని చీరలు మార్చును. బాదపుటాకు రాలుటకు ముందు ఎర్రబడును. క్రోటనులలో రంగులు ఏడాదంతయు ఉండును. అందుచేతనే వానిని మితముగా వాడవలెను. తెలుపు, పసుపు చారలు గల ఆకులలో ఆ చారలున్నంతమేర పత్రహరితము తక్కువ. కావున అట్టి మొక్కలు పెక్కు నెమ్మదిగా పెరుగును. క్రోటనులకు మంచి వెలుతురు లేనిచో రంగు మాసిపోవును.

ఇక సంధ్యవేళ సంగతి. వేసవిలో మనవారు పెరటిలో మంచము వేసికొని కూర్చుండునది ప్రొద్దు క్రుంకిన తరువాతనే. వెలుతురు తగ్గునపుడు మన కంటికి ఎరుపు ముందుగా నల్లబడును. నీలము, ఆకుపచ్చ మరికొంతసేపు నిలుచును. చెక్ దేశపు శాస్త్రజ్ఞుడు పుర్కిన్యే 19వ శతాబ్దమున ఈ వింతను గమనించెను. కావున ఎంతో శ్రమపడి పెంచిన ఎర్రగులాబి, మనము తీరికగా కూర్చుండు వేళకు నల్లని మచ్చగా మారును. లేతాకులు, వెండిరంగు ఆకులు, తెల్లని నందివర్ధనపు పూలు చీకటిలో చాలసేపు కనబడుచుండును. మంచము వేయు చోట అట్టివానిని నాటుట తెలివి.

ఆకులను నమ్మి తోటలు వేసినవారు ఇతరదేశములలో పలువురు కలరు. వారినుండి ఒక్కొక్క పాఠము గ్రహింతము. ఇంగ్లాండులో గెర్ట్రూడ్ జెకిల్ అను విదుషీమణి (1843–1932) చిత్రలేఖనము చదివి, కుట్టుపనిలో నేర్పరియై, చూపు మందగించిన తరువాత తోటపనియందే జీవితము గడపినది. పూల వరుసలకు ప్రసిద్ధికెక్కిన ఆమె తోటలలో సయితము వెడల్పైన, దళసరియైన ఆకుల మొక్కలు పూలకు పీఠముగా నిలిచియుండును. పూలను ప్రేమించువారికి ఆకు శత్రువు కాదనునది ఆమె పాఠము.

జపానులో క్యోటో నగరమునందలి సైహోజీ అను దేవాలయమున 1339లో ముసో సోసెకి అను బౌద్ధాచార్యుడు తోటను తీర్చిదిద్దెను. తరువాతి శతాబ్దములలో పోషణ తగ్గగా, ఆ చల్లని తేమనేలపై పాచి తనంతట తానే వ్యాపించెను. నేడు సుమారు 120 రకముల పాచి గల ఆ తోటను చూచుటకు ముందుగా అనుమతి పొంది పోవలెను. పాచి మన ఎండలకు తగదు. ఒక్క ఆకుపచ్చతోనే లోకమును మెప్పింపవచ్చునను పాఠము మాత్రము మనకు తగును.

మూడవవారు బ్రెజిల్ దేశీయుడగు రోబెర్తో బుర్లె మార్క్స్ (1909–1994). ఆయన కథ మనకు మిక్కిలి దగ్గరిది. 1928లో కుటుంబముతో జర్మనీకి వెళ్లి, చిత్రలేఖనము నేర్చుకొనుచు, బెర్లిను నగరపు డాలెమ్ వృక్షశాస్త్రోద్యానమునకు పోవుచుండెను. అక్కడి గాజుటిండ్లలో తన దేశపు మొక్కలు గౌరవముగా పెరుగుచుండుట చూచెను. ఆ మొక్కలనే స్వదేశమున జనులు అడవిపొదలని చిన్నచూపు చూచి, తోటలకు ఐరోపా పూలను తెప్పించుకొనుచుండిరి. ఆయన తిరిగివచ్చి, పెద్ద ఆకుల స్థానిక వృక్షజాతులను గుంపులు గుంపులుగా, బట్టపై రంగులు పులిమినట్లు నాటి లోకప్రసిద్ధుడయ్యెను. 3,500కు పైగా జాతులు గల ఆయన తోట 2021లో యునెస్కో ప్రపంచవారసత్వ స్థలముగా గుర్తింపబడినది. మన వావిలి, పిల్లిపీచర, వట్టివేరు, మొగలి మనకు చేలగట్ల మొక్కలుగనే ఉన్నవి. వానిని ఇంటిలోనికి ఆహ్వానించుటకు మనము బెర్లిను పోనక్కరలేదు. రాజమహేంద్రవరమునకు చేరువనున్న కడియము ప్రాంతపు నర్సరీలనుండి దేశపు నలుమూలలకు మొక్కలు పోవుచున్నవి. అడుగువారుండిన యెడల ఆకుల మొక్కలును అట్లే వచ్చును.

ఇక ఆచరణకు వత్తము. ఇంటికి పడమట 20 అడుగుల వెడల్పు, 30 అడుగుల పొడవు గల పెరడు ఉన్నదనుకొందము. మధ్యాహ్నపు ఎండ గోడను కాల్చుచుండును. దూరపు మూలన, గోడలకు ఎనిమిది అడుగులు తగ్గకుండ విడిచి, ఒక పొగడచెట్టును నాటుడు. నిదానముగా పెరుగును గాని ఏడాదంతయు నిగనిగలాడు ఆకుతో చిక్కని నీడ నిచ్చును. దూరపు గోడవెంట ఒకటిన్నర అడుగు ఎడముగా గోరింటను నాటి నడుమెత్తున కత్తిరించుచుండుడు. అది అంచు. ఉత్తరపు గోడవెంట నాలుగడుగుల ఎడముతో అయిదు నందివర్ధనములు. అది ఒడలు. స్నానపు నీరు బయటకు వచ్చు చోట, ఇంటికి దగ్గరగా, అరటిపాదు. అది కొంగు. మన పెద్దలు స్నానాల నీటిని అరటికి మళ్లించినది ఊరకే కాదు. ప్రత్యేకముగా ఒక్క బిందె నీరు పోయకుండనే పెద్ద ఆకు దక్కును. అరటిప్రక్కన రెండు వట్టివేరు దుబ్బులు, తడి నిలుచు చోట చేమ. కిటికీ దగ్గర ఒక పాదు మల్లె. పూలకు చోటు లేకుండ చేయుట మా అభిమతము కాదు.

గడ్డినేల ఎంత కావలెను? లెక్క చూతము. ఒక చదరపు మీటరు నేలకు ఒక మిల్లీమీటరు మందము నీరు పెట్టుటకు ఒక లీటరు కావలెను. ఆ పెరడంతయు గడ్డి పరచి, వేసవిలో రోజునకు 5 మిల్లీమీటర్ల నీరు పెట్టినచో సుమారు 280 లీటర్లు కావలెను. ఒక మంచము, రెండు కుర్చీలు పట్టు 8 అడుగుల వెడల్పు, 10 అడుగుల పొడవు మేరకు మాత్రము గరిక పెంచినచో సుమారు 37 లీటర్లు చాలును. బోరుబావులు ఎండిపోవు ఊళ్లలో, బిందెల వరుసలో నిలుచు ఇల్లాండ్రకు ఈ భేదము చిన్నది కాదు. మిగిలిన నేలను రాలిన ఆకులతో కప్పుడు. పెరటిలోని ఆకులను ఊడ్చి తగులబెట్టుట మనకు గల చెడ్డ అలవాటులలో ఒకటి. పొగ మనకు, నష్టము నేలకు. చెట్టు మొదట రెండంగుళముల మందము పరచిన ఆకు తేమను నిలిపి, నెమ్మదిగా ఎరువగును.

నాటుటకు తొలకరి తగిన కాలము. పొగడకు రెండడుగుల గుంత త్రవ్వి, మాగిన పశువులయెరువు కలిపిన మట్టి నింపవలెను. మొదటి రెండు వేసవులు కాపాడినచో తరువాత చెట్టే మనలను కాపాడును. వీధి దుమ్ము పట్టిన నునుపు ఆకులను అప్పుడప్పుడు నీటితో కడిగినచో మెరుపు నిలుచును.

ఒక హెచ్చరిక. ఆకు అందమైనంతమాత్రమున అన్నియు నిరపాయములు కావు. గన్నేరు సర్వాంగములందును విషమే. ఉమ్మెత్తయు అట్టిదే. జిల్లేడుపాలు కంటిలో పడరాదు. కుండీలలో పెంచు డిఫెన్‌బేకియా ఆకు కొరికినచో నోరు, నాలుక వాచును. చంటిపిల్లలున్న ఇంట వీనిని నాటకుండుట మేలు. ఉన్నచోట పిల్లలకు అందకుండ చూడవలెను.

ఇదంతయు అందము కొరకు మాత్రమే చెప్పుచున్నది కాదు. మన పట్టణములలో పెరడులు సిమెంటుగా మారుచున్నవి. పగలంతయు ఎండ త్రాగిన సిమెంటు రాత్రి ఆ వేడిని ఇంటిలోనికి వదలును. ఆకు తనలోని నీటిని ఆవిరిగా వదలుచు చుట్టునున్న గాలిని చల్లబరచును. పెక్కుచోట్ల వేసవిలో 40 డిగ్రీలు దాటు మన దేశమున, పడమటిగది మంచముపైనున్న ముసలివారికి, ఊయలలోని పసివానికి ఈ భేదము సుఖదుఃఖముల భేదము. మరియొకటి, చవితిపత్రి నేడు పట్టణములలో బజారుకట్టగా వచ్చుచున్నది. ఆ కట్టలో ఏది మాచిపత్రియో, ఏది వావిలియో చెప్పలేని పిల్లలు పెరుగుచున్నారు. పేరు తెలియని ఆకు కనబడదు; కనబడని చెట్టును నరుకుటకు చేయి వెనుదీయదు. గరిక, తులసి, మరువము, మాచిపత్రి, దానిమ్మ, జాజి, వావిలి. ఈ ఏడింటికి చిన్న పెరటిలోనే చోటు దొరకును.

కావున మా మనవి ఇది. తోటను గీయుటకు మార్గశిరము కొరకు వేచియుండవలదు. ఆ నెలలో ఏ తోటయైనను అందముగనే ఉండును. వైశాఖమాసపు మధ్యాహ్నమున రెండు గంటలవేళ కాగితము, పెన్సిలు చేతబట్టి పెరటిలోనికి వెళ్లుడు. ఆ వేళకు ఏది పచ్చగా నిలిచియున్నదో గుర్తు వేయుడు. నీడ ఎక్కడ లేదో గీత గీయుడు. ఏ గోడపై చేయి పెట్టలేకపోతిరో అచ్చట ఒక చెట్టును వ్రాయుడు. తొలకరి చినుకు పడగనే ఆ కాగితమును తీసి గుంతలు త్రవ్వుడు. ఆ ఎండను ఎదిరించి నిలుచు ఆకులే మీ తోట. పూలు వాని వెంట తామే వచ్చును.